మరమ్మతు కూడా ఒక విద్యయే

గత సంవత్సరం ప్రవేశాల సమయంలో ఒక విద్యార్థి దరఖాస్తు పూరిస్తూ, 'తండ్రి వృత్తి' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగిపోయినాడు. చివరకు 'వ్యాపారం' అని వ్రాసి నా చేతికిచ్చినాడు. అతని తండ్రిని నేనెరుగుదును. వినుకొండలో పాత జీపులు, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఆయనది. చిన్నా పెద్దా అందరూ ఆయనను 'ఉస్తాద్' అనే పిలుస్తారు. ఉస్తాద్ అనగా గురువు. ఊరంతా గురువని పిలిచే తండ్రి వృత్తిని కన్నకొడుకు కాగితం మీద దాచుకొనవలసి వచ్చినదే అన్న బాధ నన్ను చాలాకాలం వెంటాడినది. ఈ వ్యాసం ఆ బాధనుండి పుట్టినదే.

నేను తెలుగు సాహిత్యం చదివి ఎం.ఏ. పట్టా పొందినవాడను. గణాలు, యతిప్రాసలు చెప్పగలను గాని, మొన్నటి వేసవి వరకు పానా పట్టి ఎరుగను. ఆ సెలవులలో ఉస్తాద్ షెడ్డు వెనుక వేపచెట్టు క్రింద ఏండ్ల తరబడి కదలక పడియున్న ఒక జీపును, ఆయన శిష్యరికంలో, బాగుచేయ సంకల్పించాను. నన్ను ఇందుకు పురికొల్పినది అంతకుముందు చదివిన ఒక విచిత్ర వాహనపు చరిత్ర. నేలమీద కారువలె, నీటిలో పడవవలె నడిచే ఉభయచర వాహనమది.

ఉభయచరమనగానే మనకు జీవశాస్త్ర పాఠంలోని కప్ప జ్ఞాపకం వస్తుంది. మనిషి చేసిన ఉభయచరాలు కూడా ఉన్నవి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో ఫోర్డు కంపెనీ జీపు యంత్రభాగాలనే తీసుకొని, వాటి చుట్టూ ఇనుపరేకుతో పడవ శరీరం నిర్మించి, వెనుక ఒక పంకా, చుక్కాని అమర్చి 'జి.పి.ఏ.' అనే వాహనాన్ని 1942, 1943 సంవత్సరాలలో తయారుచేసినది. అవి దాదాపు 12,800 వెలువడినవి. బరువెక్కువై, నీటిమట్టానికి పైన మిగిలే అంచు తక్కువై, అలలు లేచినచోట అవి ఎక్కువగా అక్కరకు రాలేదు. వాటికంటె పెద్దదైన ఆరుచక్రాల 'డక్' వాహనం 1944 జూన్‌లో నార్మండీ తీరాన సైన్యానికి సరకులు చేరవేసి పేరు గడించినది. 1960 తరువాత కెనడాలో ఆరు, ఎనిమిది బుంగటైర్ల చిన్నబండ్లు వచ్చినవి. వాటికి పంకా అక్కరలేదు, టైర్ల గాళ్లే నీటిని తెడ్లవలె వెనుకకు త్రోస్తవి. ఇవన్నీ పరదేశపు వింతలని భావింపరాదు. మన తెలుగునేలపైననే, మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారైన 'శరత్' అనే సైనిక శకటం ఏరు అడ్డువస్తే వంతెనకై వేచియుండక, తన గొలుసు పట్టాలతోనే ఈదిపోగలదు.

అయితే నన్ను ఆకర్షించినది యుద్ధం కాదు, బెన్ కార్లిన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుని పట్టుదల. ఆయన భారత సైన్యపు ఇంజనీర్ల దళంలో పనిచేసినవాడు. 1946లో బెంగాలులోని కలైకుండ విమానాశ్రయంలో, యుద్ధానంతరం వదలివేయబడిన ఒక జి.పి.ఏ.ను చూచి, దీనిలో ప్రపంచాన్ని చుట్టిరావచ్చునని అన్నాడట. తరువాత అమెరికాలో అటువంటి పాత బండి నొకదానిని కొని, దానికి అదనపు ఇంధనపు తొట్లు, పైకప్పు అమర్చి, 'హాఫ్ సేఫ్', అనగా 'సగం భద్రం' అని పేరు పెట్టుకొన్నాడు. తొలి ప్రయత్నాలు విఫలమైనవి. బయలుదేరడం, ఏదో చెడిపోవడం, తిరిగి రావడం, మరల విప్పి బాగుచేయడం, ఇదే వరుస. చివరకు 1950 జూలైలో భార్యతో కలసి కెనడాలోని హాలిఫాక్స్ నుండి బయలుదేరి, నెలరోజులకు పైగా అట్లాంటిక్ సముద్రంపై గడపి అజోర్స్ దీవులు చేరినాడు. మన దేశం మీదుగా కూడా సాగిన ఆ యాత్ర 1958లో కెనడాలోని మాంట్రియల్‌లో ముగిసినది. ఆ బండి ఇప్పుడు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో, ఆయన చదువుకొన్న పాఠశాల ఆవరణలో ఉన్నది. ఒక పాఠశాల పాతబండిని పాఠ్యగ్రంథం వలె భద్రపరచుకొన్నదన్న విషయం మన కళాశాలలు గమనింపదగినది.

మా జీపు ఉభయచరం కాదు. కాని జి.పి.ఏ.కు రక్తబంధువు. యుద్ధకాలపు విల్లీస్ జీపు వంశమే మన దేశంలో మహీంద్రా జీపుగా స్థిరపడినది. ఆ కంపెనీ 1945లో 'మహీంద్రా అండ్ మహమ్మద్' అన్న పేరుతో ప్రారంభమై, భాగస్థుడైన గులాం మహమ్మద్ దేశవిభజన తరువాత పాకిస్తాన్ వెళ్లిపోగా, 1948లో నేటి పేరు ధరించినదన్న సంగతి చాలమందికి తెలియదు.

ఆ వేసవిలో నేను నేర్చిన మొదటి పాఠం సహనం. ఇంజను పట్టేసి ఉన్నది. ఉస్తాద్ ప్లగ్గులు విప్పించి, ఆ రంధ్రాలలో ఆయిలు పోయించి, వారం రోజులు ముట్టవద్దన్నాడు. నేను రెండవనాడే హ్యాండిల్ పెట్టి బలమంతా ఉపయోగించబోయాను. "జోరు కాదు సార్, సబర్ కావాలి" అన్నాడాయన. ఎనిమిదవనాడు అదే హ్యాండిల్ ఒక్క చేతికి కదలినది.

రెండవది క్రమం. విప్పిన ప్రతి బోల్టును ఏ డబ్బాలో వేసినదీ కాగితంపై వ్రాసుకొమ్మన్నాడు. గుర్తుంటుందిలే అని నేను వ్రాయలేదు. బిగించేనాటికి ఏది ఎక్కడిదో తెలియక రెండు దినాలు వృథా అయినవి. విద్యార్థులను నోట్సు వ్రాయలేదని మందలించే నేను, ఆనాడు తలవంచుకొని నిలబడినాను.

మూడవది మరింత విలువైనది. ఇంజను మొదటిసారి పలికిననాడు ఆనందం పట్టలేక బండిని వీధిలోకి తీయబోయాను. ఉస్తాద్ తాళం తీసి జేబులో వేసుకొన్నాడు. ఆగడం రాని బండికి పరుగెత్తే హక్కు లేదని ఆయన సిద్ధాంతం. ఇల్లలకగానే పండుగ కాదు కదా! బ్రేకులు పూర్తిగా సరిచేసిన తరువాతనే బండి షెడ్డు దాటినది.

నాల్గవది నిజాయితీ. క్రింది రేకు తుప్పుపట్టి జల్లెడవలె ఉన్నది. లప్పం పెట్టి రంగు వేస్తే సరిపోదా అని అడిగాను. ఆయన చిన్న సుత్తితో రేకంతా తట్టి చూపినాడు. గట్టిచోట ఖంగుమన్నది, తుప్పుచోట డబడబమన్నది. మసిబూసి మారేడుకాయ చేయడం నేలబండి విషయంలో కొంతకాలం చెల్లుతుంది. ఉభయచర వాహనంలో అది ప్రాణాంతకం. అందుకే వాటిని ఉద్ధరించేవారు ముందుగా పడవ శరీరం లోపల నీళ్లు నింపి, వెలుపల ఎక్కడ చుక్క కారుతున్నదో గుర్తిస్తారు. లోపలి నీరు బయటకు వచ్చిన దారినే రేపు బయటి నీరు లోపలికి వస్తుంది. ఇరుసులు రేకును చీల్చుకొని బయటకు వచ్చే చోట్ల రబ్బరు సీళ్లు మార్చుతారు. అడుగు బిరడాలు బిగించి, నీరు తోడే పంపు పనిచేస్తున్నదా అని చూస్తారు. తరువాతనే, ప్రవాహం లేని లోతుతక్కువ నీటిలో, ఒడ్డున మనుషులను నిలిపి, మోకు కట్టి దింపుతారు. సాగర్ కుడికాలువ వంటి వడిగల నీటిలో అటువంటి సాహసం చేయడం మూర్ఖత్వమే అవుతుంది.

ఇక భాషోపాధ్యాయునిగా ఒక మాట. మనం ప్రతిదినం వాడే 'మరమ్మతు' అరబ్బీనుండి ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చిన పదం. బండి క్రింద పరచిన ఉక్కుపట్టీల కట్టను షెడ్డులో 'కమాను' అంటారు. కమాను అనగా పారశీకంలో విల్లు, ఆ పట్టీల వంపు అచ్చముగా విల్లే. ఆకురాయి, పట్టకారు, సుత్తి మన తెలుగు కొలిమి మాటలు. ఈ రెండు భాషల మాటలు ఒకే షెడ్డులో ఒకే నోట కలహించకుండ జీవిస్తున్నవి. ఉర్దూ, తెలుగు శీర్షికలను ఒకే అట్టలో కలిపిన ఈ సంచిక వలె అదికూడా ఉభయచరమే. ఇంగ్లీషు విడిభాగాల పట్టికలు రాగా ఆ మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నవి. వాటిని సేకరించే బాధ్యత భాషావిద్యార్థులది కాదా?

ఇదంతా కాలహరణమని, క్రొత్తబండి కొనగల కాలంలో పాత ఇనుమెందుకని ఆక్షేపించేవారున్నారు. డబ్బు లెక్కలో వారి మాట కొంత నిజమే. మా జీపుకు పెట్టిన ఖర్చు దాని వెలను మించినది. మెకానిక్కు జీవితం సుఖమయమని కూడా నేను చెప్పను. ఉస్తాద్ అరచేతులలో ఎన్ని గాయపు మచ్చలున్నవో చూచినాను. తన కుమారుడు చదువుకొని మరొక ఉద్యోగం చేయాలని ఆయనే కోరుతున్నాడు, ఆ కోరిక న్యాయమైనది. అందరూ షెడ్డులకు పొండని నా అభిప్రాయం కాదు. షెడ్డును విడిచి పోవడం వేరు, షెడ్డును చూచి సిగ్గుపడడం వేరు. మొదటిది అభివృద్ధి కావచ్చు. రెండవది మన చదువు చేసిన గాయం.

ఆ విద్యార్థి సెలవులలో తండ్రికి భోజనం తెచ్చేవాడు. ఒకనాడు నేను ప్లగ్గు తీగలు తప్పుగా తగిలించి తికమకపడుతుంటే, కారియరు క్రింద పెట్టి, "ఒకటి, మూడు, నాలుగు, రెండు సార్" అన్నాడు. నాలుగు సిలిండర్లు మండవలసిన వరుస అది. తరగతిలో గణవిభజన చేయమంటే తలవంచుకొనే ఆ కుర్రవానికి ఈ యతిస్థానం కంఠస్థం! ఇన్నాళ్లు వానిని మందబుద్ధిగా తలచిన నా బుద్ధిమాంద్యం ఆనాడు నాకు తెలిసినది.

మహాకవి గుర్రం జాషువా 1895లో ఈ వినుకొండలోనే జన్మించినాడు. పుట్టుక పేరున పొందిన అవమానాన్ని దాచుకొనక, దానినే కావ్యవస్తువుగా చేసి లోకాన్ని నిలదీసినాడు. ఆయన ఊరిలో చదివే పిల్లలు తండ్రుల చేతిపనిని దాచుకొనడం మనందరకు తలవంపు.

కావున కళాశాల యాజమాన్యానికి నా మనవి ఒక్కటే. ఏడాదికి ఒక్క దినమైనా మన ఊరి ఉస్తాదులను, కమ్మరులను, వెల్డింగు పనివారిని అతిథులుగా కాక, ఉపన్యాసకులుగా ఆహ్వానించండి. ఒక పాత యంత్రాన్ని ఆవరణలో నిలిపి, విప్పి బిగించే అవకాశం విద్యార్థులకు కల్పించండి. వారు వ్రాసుకొన్న మాటలను వచ్చే సంచికలో ప్రచురిద్దాము.

మా జీపు వేసవి చివరన గుండ్లకమ్మ ఒడ్డుదాకా వెళ్లి, నీటి అంచున సక్రమంగా ఆగినది. ముందు సీటులో ఆ విద్యార్థి, ప్రక్కన అతని తండ్రి ఉన్నారు. ఈ సంవత్సరం అతడు దరఖాస్తులో ఏమి వ్రాయునో నేను చెప్పలేను. వ్రాయవలసిన మాటను గౌరవంతో అందుకొనగల కళాశాలగా మనముండడమే మన కర్తవ్యం.