నిషేధం సరే, అద్దె మాటేమిటి?

బ్రిటన్‌లో ఇళ్ల అద్దె ప్రకటనల అడుగున 'నో డీఎస్ఎస్' అన్న మాట దశాబ్దాలపాటు కనిపించింది. అద్దె కట్టుకోవడానికి ప్రభుత్వ భత్యం మీద ఆధారపడేవారు ఫోన్ కూడా చేయనక్కర్లేదని దాని భావం. డిపార్ట్‌మెంట్ ఆఫ్ సోషల్ సెక్యూరిటీ అనే ఆ శాఖ 2001లోనే రద్దయినా, దాని పేరుతో పేదలను గుమ్మంలోంచే తిప్పి పంపడం మాత్రం ఆగలేదు. ఇంగ్లండ్‌లో ఈ దురాచారానికి చట్టం ఎట్టకేలకు అడ్డుకట్ట వేసింది. 2025 అక్టోబరు 27న రాజామోదం పొందిన రెంటర్స్ రైట్స్ చట్టంలోని నిబంధనల ప్రకారం, 2026 మే 1 నుంచి, భత్యం అందుకుంటున్నారనో పిల్లలున్నారనో ఇల్లివ్వననే యజమానికి, ఏజెంటుకు 7,000 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. ఏ కారణమూ చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 కూడా అదే రోజు నుంచి చెల్లదు. ఈ చట్టాన్ని మనస్ఫూర్తిగా స్వాగతించాలి. అయితే భత్యదారుకు ఇల్లు దొరక్కపోవడానికి పెద్ద కారణం ఇంటి యజమాని దురభిప్రాయం కాదు, ప్రభుత్వం కావాలని తగ్గించి ఇస్తున్న అద్దె. దాన్ని పెంచకుండా ప్రకటనల్లో మాటలు నిషేధిస్తే ఒరిగేది తక్కువ.

ప్రైవేటు ఇంట్లో అద్దెకుండేవారికి భత్యం ఎంతివ్వాలన్నది లోకల్ హౌసింగ్ అలవెన్స్ అనే లెక్క తేలుస్తుంది. ఒక ప్రాంతంలోని అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి, అందులో ఒక చోట గీత గీస్తారు. 2008లో దేశమంతటా మొదలైనప్పుడు ఆ గీత సరిగ్గా మధ్యన ఉండేది. నూరిళ్లలో యాభై భత్యంతో అందేవి. పొదుపు పేరిట 2011లో దాన్ని ముప్పయ్యో ఇంటికి దించారు. ఆ ముప్పయ్యైనా నిలిచాయా అంటే, లేదు. 2016 నుంచి నాలుగేళ్లు రేట్లను కదలనివ్వలేదు. కొవిడ్ భయంతో 2020లో మళ్లీ ముప్పయ్యో ఇంటికి తెచ్చి, వెంటనే మరో నాలుగేళ్లు బిగించారు. 2024 ఏప్రిల్‌లో ఒకసారి సవరించి, 2025 నుంచి తిరిగి స్తంభింపజేశారు. ఈ లోపల అద్దెలు ఏ ఒక్క ఏడాదీ ఆగలేదు. జూప్లా వెబ్‌సైటులో అద్దెకు పెట్టిన ఇళ్లను ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ పరిశీలిస్తే, 2020లో నూటికి 23 ఇళ్లు భత్యంలో అందుబాటులో ఉండగా 2023 ఆరంభానికి అవి 5కు పడిపోయాయని తేలింది. ఆ అయిదిళ్ల కోసం ఎంతమంది పోటీపడి ఉంటారు? వారిలో యజమాని ఎవరిని ఎంచుకుని ఉంటాడు?

ముప్పయ్యైదేళ్లలోపు ఒంటరివారి పరిస్థితి ఇంకా దయనీయం. వారికి నలుగురితో కలిసి ఉండే ఇంట్లో ఒక గదికి సరిపడా మాత్రమే ఇస్తారు. 2012కు ముందు ఈ నియమం పాతికేళ్లలోపు వారికే ఉండేది. భార్య నుంచి విడిపోయి, వారాంతాల్లో పిల్లల్ని తన దగ్గర ఉంచుకునే ముప్పయ్యేళ్ల తండ్రికి కూడా సాధారణంగా దక్కేది ఆ ఒక్క గదే. పరాయివాళ్లుండే ఇంట్లో ఆ పిల్లలు ఎక్కడ పడుకోవాలో చట్టం రాసినవారు ఆలోచించలేదు.

పనీపాటా లేనివారే సాయం అడుగుతారన్న నింద అక్కడా బలంగానే ఉంది. అది అబద్ధం. పాత అద్దె భత్యమైన హౌసింగ్ బెనిఫిట్ స్థానంలో 2013 నుంచి క్రమంగా వచ్చిన యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటున్నవారిలో దాదాపు మూడో వంతు ఉద్యోగాల్లో ఉన్నవారే. ఆఫీసులు ఊడ్చేవారు, వృద్ధులకు సేవ చేసేవారు, దుకాణాల్లో గంటల లెక్కన నిలబడేవారు. లండన్ జీతం లండన్ అద్దెకు చాలదు కాబట్టే వారు చేయి చాస్తున్నారు.

కొత్త చట్టం వచ్చాక వీరికి 'మీకివ్వం' అని ఎవరూ ముఖం మీద చెప్పకపోవచ్చు. నెల అద్దెకు ముప్పై రెట్ల వార్షికాదాయం చూపమంటారు, లేదా అంతకన్నా ఎక్కువ సంపాదించే వ్యక్తి పూచీకత్తు తెమ్మంటారు. ఆదాయాన్ని పరిశీలించి కాదనే వెసులుబాటు చట్టం యజమానికి ఉంచింది. బంధువుల్లోనూ అంత ఆదాయం ఉన్నవారు లేకపోబట్టే కదా ఆ మనిషి భత్యం అడిగింది! అయిదు వారాల అద్దె దాకా డిపాజిట్ ముందే కట్టాలి. యూనివర్సల్ క్రెడిట్‌లో మొదటి చెల్లింపు చేతికి రావడానికి పట్టేదీ అయిదు వారాలే. ఆ నడుమ అద్దె అప్పు చేసి కట్టాల్సిందే. ఇప్పటికే 2020 జులైలో యార్క్ కౌంటీ కోర్టు, భత్యదారులను మూకుమ్మడిగా తిరస్కరించడం మహిళల పట్ల, వికలాంగుల పట్ల పరోక్ష వివక్షేనని, 2010 సమానత్వ చట్టానికి విరుద్ధమని తేల్చిచెప్పింది. ఆ తీర్పు తర్వాత ప్రకటనల్లో మాటలు మారాయి గానీ తిరస్కారాలు ఆగలేదు. రేపూ అదే జరిగే ప్రమాదముంది.

యజమానులందరినీ దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఇల్లు కొన్న బ్యాంకు అప్పు పత్రంలోనే భత్యదారులకు ఇవ్వరాదన్న షరతు పెట్టిన రోజులున్నాయి. అలాంటి షరతులు చెల్లవని కొత్త చట్టం అనడం మేలైన పని. వాయిదా కట్టాల్సిన యజమాని, అద్దెలో కొంతే ప్రభుత్వం ఇస్తుందని, మిగతాది కిరాయిదారు తిండి ఖర్చులోంచి రావాలని తెలిసినప్పుడు జంకుతాడు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఇది తెలియని సంగతి కాదు. ఆరోగ్యశ్రీ బకాయిలు పేరుకున్నప్పుడల్లా ప్రైవేటు ఆసుపత్రులు కార్డున్న రోగిని చేర్చుకోబోమనడం మనం చూస్తూనే ఉన్నాం. ఆసుపత్రి తీరు తప్పే. కానీ కార్డు ఇచ్చి డబ్బు ఇవ్వని ప్రభుత్వానిది అంతకన్నా పెద్ద తప్పు.

ఆదా అయ్యిందేమైనా ఉందా అంటే అదీ లేదు. ఇల్లు దొరకని కుటుంబాన్ని రోడ్డున వదిలేయడానికి చట్టం ఒప్పదు కాబట్టి స్థానిక సంస్థలైన కౌన్సిళ్లు వారిని హాస్టళ్లలో, చవక హోటళ్లలో, తాత్కాలిక వసతుల్లో ఉంచుతున్నాయి. 2025 మార్చి నాటికి ఇంగ్లండ్‌లో ఇలా 1.30 లక్షలకు పైగా కుటుంబాలున్నాయి. వాటిలోని పిల్లలు 1.60 లక్షలకు మించి ఉన్నారు. 2023-24లో ఇందుకు కౌన్సిళ్లు వెచ్చించింది దాదాపు 230 కోట్ల పౌండ్లు. కేంద్ర ఖజానా తిరిగిచ్చేది మాత్రం 2011 జనవరి నాటి రేటులో 90 శాతానికి మించదు. నెలనెలా కొంచెం పెంచి ఇస్తే సొంతంగా అద్దెకుండే తల్లిని, వంటగది లేని గదిలో పిల్లలతో ఉంచి అంతకు ఎన్నో రెట్లు చెల్లించడాన్ని పొదుపు అనరు. 1980 నుంచి కౌన్సిల్ ఇళ్లను అందులో ఉన్నవారికే అమ్మేసి, వాటికి బదులు చాలినన్ని కట్టకపోవడం వల్లే ఇంతమంది ప్రైవేటు యజమానుల దయాదాక్షిణ్యాలకు చిక్కారు. కొత్త కౌన్సిల్ ఇళ్లు కట్టక తప్పదు. అవి పూర్తయ్యేదాకా ఈ కుటుంబాలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

బ్రిటన్‌లోని తెలుగువారికీ ఇందులో పాత్ర ఉంది. ఉద్యోగ వీసాపై వెళ్లినవారికి ఈ భత్యానికి అర్హత లేదు, సాధారణంగా అది శాశ్వత నివాసం వచ్చాకే. కానీ ఆసుపత్రుల్లో, ఐటీ కంపెనీల్లో కుదురుకుని రెండో ఇల్లు కొని అద్దెకిచ్చిన తెలుగు కుటుంబాలున్నాయి. కులమేమిటి, మాంసం తింటారా, పెళ్లయిందా అని అడిగి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లివ్వనంటే పడ్డ అవమానం వారిలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. అద్దె వస్తుందా లేదా అన్నది చూడండి, అది జీతమా భత్యమా అని చూడకండి.

బ్రిటన్ ప్రభుత్వం చేయాల్సింది స్పష్టం. భత్యం రేటు ఏటా ఆ ఏటి అద్దెల్లో ముప్పయ్యో ఇంటికి దానంతటదే సరిపోయేలా చట్టంలోనే రాయాలి. ఆర్థిక మంత్రి బడ్జెట్ రోజు తలచుకుంటే ఇచ్చే, తలచుకుంటే బిగించే ఏర్పాటు పోవాలి. భత్యంతో అద్దె పూర్తిగా తీరే ఇంటికి పూచీకత్తు అడగడాన్ని నిషేధించాలి. స్కాట్లండ్‌లో ఉన్నట్టు, కోరుకున్న కిరాయిదారు అద్దె నేరుగా యజమాని ఖాతాకు వెళ్లే అవకాశం ఇంగ్లండ్‌లోనూ ఇవ్వాలి. ఇవి చేయకుండా యజమానులకు జరిమానాలు వేసే నైతిక హక్కు ఆ ప్రభుత్వానికి లేదు.