కలుపు చేపలట!

మొన్న ఆదివారం చేపల మార్కెట్‌కెళ్ళి, పరిగెలున్నాయా అని అడిగాను. అమ్మేవాడు నన్నోసారి ఎగాదిగా చూసి "పిల్లిని పెంచుతున్నారా సార్?" అన్నాడు. పక్కనే ఉన్న మా రూమ్మేట్ పగలబడి నవ్వాడు. వాడు కొన్నది ఫ్రీజర్లోంచి తీసిన బాసా ముక్కలు. ముల్లుండదు, వాసనుండదు, రుచీ ఉండదు. అయినా వాడిది చేప, నేనడిగింది పిల్లి తిండి!

నేనూ నవ్వేసి ఊరుకునేవాణ్ణే. కానీ ఈ చిన్నచూపు నవ్వుతో పోయేది కాదు.

చేపల పెంపకం పాఠాలు ఎప్పుడైనా చూశారా? బొచ్చె, శీలావతి, ఎర్రమోసు... వీటికి రాజమర్యాదలు. చెరువులో తనంతట తాను పుట్టి పెరిగే చిన్నచేపలన్నిటికీ కలిపి ఒకటే పేరు: 'కలుపు చేపలు'. చేపపిల్లల్ని వదిలే ముందు వీటిని చంపెయ్యమంటారు. మీటరు లోతు నీళ్ళుంటే హెక్టారుకి 2,500 కిలోల ఇప్పపిండి చల్లాలి. అందులోని సాపోనిన్ చేపల రక్తకణాల్ని పగలగొట్టేస్తుంది. సొంత చెరువు మీద లక్షలు పెట్టిన రైతు ఆ పని చేస్తే నేను తప్పు పట్టను, వరిచేలో తుంగ పీకినట్టే అది. నా గొడవంతా ఆ మాట చెరువుగట్టు దాటి మన నోళ్ళలోకి వచ్చెయ్యడం గురించే.

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లెటూరు. వేసవిలో కాలువలు కట్టేస్తే అడుగున మడుగులు మిగిలేవి. పెద్దవాళ్ళు ఊతలేసేవాళ్ళు, మేం బురదలో చేతులు పెట్టి మట్టగిడసల కోసం తడిమేవాళ్ళం. జెల్ల ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా చెయ్యి సలుపే. ఇంటికి తెచ్చిన పరిగెల్ని మా అమ్మ ఉప్పేసి గరుకు రాయి మీద పామి, పొట్ట నొక్కి శుభ్రం చేసేది. మట్టగిడసలకి జిగురెక్కువ, వాటికి బూడిద పట్టించాల్సిందే. అప్పుడే చింతచిగురు వచ్చే రోజులు కూడా. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక నలిపిన చిగురు, చేపలు వేసి సన్నసెగ మీద ఉంచేది. గరిటె పెడితే చితికిపోతాయి, దాకనే పట్టుకుని తిప్పాలి. ముళ్ళతో సహా నమిలేసేవాళ్ళం. అందులో అమ్మ డబ్బులు పెట్టి కొన్నవి నూనె, ఉప్పు, కారం మాత్రమే. నెలాఖరులో మా ఇంట్లో నీచుకూర అంటే అదే.

పోయిన వేసవిలో ఊరెళ్ళాను. అదే కాలువ, అదే మడుగు. ఎవరో బ్లీచింగ్ పౌడర్ చల్లి, తేలిన పెద్ద చేపల్ని ఏరుకుపోయారు. పరిగెలు మాత్రం తెల్లగా తేలి కుళ్ళిపోతున్నాయి. ఇదేం పని బాబాయ్ అని గట్టుమీదున్న పెద్దాయన్ని అడిగితే "కలుపే కదరా, పోతే పోయాయి" అన్నాడు. చూశారా, మాటకెంత బలముందో!

పోనీ, నిజంగా పనికిరానివా? మోలా అని వేలెడంత చేప ఉంది, మన దేశంలోనూ దొరుకుతుంది. దాంట్లో ఉన్న విటమిన్ ఎ ముందు మనం ఎగబడి కొనే రోహూ ఎందుకూ చాలదు. అదీ ఎక్కువగా తలలో, పొట్టభాగంలో ఉంటుంది. ముళ్ళతో తింటాం కాబట్టి కాల్షియం సరేసరి. చిన్నచేపల పోషక విలువల మీద పనిచేసిన శకుంతలా థిల్‌స్టెడ్‌కి 2021లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. బంగ్లాదేశ్‌లో కార్పులతో పాటు మోలాని కూడా ఒకే చెరువులో పెంచుతున్నారు. మనమేమో ఇప్పపిండి చల్లి, ఆ తర్వాత పిల్లలకి విటమిన్ ఎ చుక్కలు వేయిస్తున్నాం!

"కాలువ నీళ్ళలో పురుగుమందులుంటాయి కదా" అంటారు. ఉంటాయి, నిజమే. కానీ ఆ తప్పు చేపది కాదు. ఆ నీళ్ళు చేపకి మంచివి కాకపోతే పక్కనున్న ఊరికి మాత్రం మంచివా? "తొలకరికి ఎదురెక్కే చేపలు గుడ్లతో ఉంటాయి, పట్టకూడదు" అంటారు. దానికి మాత్రం తలొంచుతాను. చిన్నప్పుడు మేమూ పట్టాం, తప్పే. ఆ నెలా రెండు నెలలు వదిలెయ్యాలి. బ్లీచింగ్, కరెంటు తీగలు ఏ నెలలోనూ కూడదు.

కొరమీను దొరికిందని ఫొటోలు పెట్టేవాళ్ళకి ఒక్క మాట. మట్టగిడస కూడా ఆ కుటుంబంలోదే, కాస్త పేద చుట్టం. చుట్టాల్లో పేదవాళ్ళని మనం ఎలా చూస్తామో చేపల్లోనూ అలాగే చూస్తున్నాం, అంతే.

ఈ ఆదివారం మళ్ళీ అదే మార్కెట్‌కెళ్ళి పరిగెలున్నాయా అని అడుగుతాను. మీరూ అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాణ్ణి పిల్లి గురించి అడగరు. ఏమంటారు?