పసిబిడ్డల వాంతులు

పాతబస్తీలోని లాల్‌దర్వాజా నుండి ఒక సోదరి మాకిట్లు వ్రాసినది: "పదినెలల బిడ్డ నిన్నటినుండి త్రాగినదెల్ల కక్కుచున్నాడు. అత్తగారు దిష్టి తీసిరి. ఓ.ఆర్.ఎస్. అని పేరున్న తీయని పానీయమును కొని పట్టితిమి. విరేచనములును మొదలైనవి. ఏమి చేయుదును?" బిడ్డను వెంటనే వైద్యునికి చూపుమని ఆమెకు తెలిపితిమి. తక్కిన తల్లులకును పనికివచ్చునని ఈ విషయము నిచ్చట వివరించుచున్నాము.

పాలు త్రాగిన వెంటనే పెదవి ప్రక్కగా కొంచెము పాలు జారుట వాంతి కాదు. బిడ్డ ఆడుచు, బరువు పెరుగుచున్నచో భయము లేదు. పాలిచ్చిన పిమ్మట భుజముపై నెత్తుకొని త్రేన్పు వచ్చువరకు వీపు నిమురుడు.

నిజమైన వాంతులలో అపాయకరమైనది ఒంటిలోని నీరును లవణములును పోవుట. వానిని తిరిగి చేర్చునదే ఓ.ఆర్.ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా సోకినపుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెరల నీటితోనే అనేకుల ప్రాణములు నిలిపెను. పొట్లముపై వ్రాసినన్ని నీళ్లను కాచి చల్లార్చి, పొట్లమంతయు నొకేసారి కలుపుడు. వాంతియైన పది నిమిషములకు, ఒకటి రెండు నిమిషముల కొక చెంచాడు చొప్పున పట్టుడు. మరల కక్కినచో కొంచెమాగి, మరింత మెల్లగా పట్టుడు. తల్లిపాలు మానరాదు. ఒకదినము నిలువయున్న నీటిని పారబోయుడు.

తీయని పానీయములలోని అధికమైన చక్కెర ప్రేవులలోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. అట్టివానికి ఓ.ఆర్.ఎస్. అను పేరుండరాదని మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించినది. అయినను కొనునపుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ననుసరించినదని పొట్లముపై నున్నదో లేదో చదువుడు.

వాంతి ఆకుపచ్చగా నున్నను, నెత్తురు పడినను, కొన్ని వారముల శిశువు పాలను దూరముగా చిమ్మునట్లు కక్కినను, మాడు గుంటపడినను, ఆరు గంటలు మూత్రము రాకున్నను, బిడ్డ మగతగా పడియున్నను తెల్లవారువరకు వేచియుండరాదు. పురానీ హవేలీలో దుర్రె షెహ్వార్ పిల్లల ఆసుపత్రి కలదు. మూసీ కావల 1953లో వెలసిన నిలోఫర్ ఆసుపత్రి కలదు. వాంతులు కట్టు మందును వైద్యుడు చెప్పక మీరుగా వేయకుడు.

పెద్దలు దిష్టి తీయుదురేని తీయనిండు. అమ్మా, నీ చేతి చెంచాను మాత్రము దింపకుము.