ఒక యంత్రము, రెండు వ్యవస్థలు

ఒకే కంప్యూటరులో రెండు నిర్వాహక వ్యవస్థల నుంచుకొను నలవాటు నేడు విద్యార్థులలో పెరుగుచున్నది. ఒక హార్డు డిస్కుపై విండోసును, వేఱొక డిస్కుపై ఉబుంటు మొదలగు లినక్సును స్థాపించుదురు. డిస్కులు వేఱైనందున వ్యవస్థలును పరస్పర నిరపేక్షములని పెక్కురు తలంతురు. ఇది సర్వదా నిజము కాదు. ఈ సంగతి మేము అనుభవముచే నేర్చితిమి.

కొంతకాలము క్రిందట మేము విండోసున్న డిస్కును యంత్రమునుండి తొలగించితిమి. అంతట రెండవ డిస్కుపైనున్న లినక్సు సైతము లేవదాయెను. ఆ డిస్కు చెడినదని నిశ్చయించి, సమస్తమును తుడిచి మరల స్థాపింపబూనితిమి. అందు ఏడాది పొడవున వ్రాసికొనిన పాఠములును, కుటుంబ ఛాయాచిత్రములును గలవు. దైవికముగా, తుడుచుటకు ముందు పెన్‌డ్రైవులోని లినక్సుతో యంత్రమును నడిపి చూచితిమి. ఒక్క ఫైలైనను చెడలేదు!

కారణమేమన, యంత్రము మేల్కొనగానే అందలి యూఈఎఫ్ఐ అను మూల కార్యక్రమము, డిస్కుపై ఈఎఫ్ఐ విభాగమను చిన్న భాగమున బూట్‌లోడరును వెదకును. మేము లినక్సును స్థాపించిననాడు రెండు డిస్కులును తగిలించియుండుటచే, దాని బూట్‌లోడరు విండోసు డిస్కులోని విభాగమున చేరెను. ఇల్లొకచోట, తాళపుచెవి యింకొకచోట నున్నట్లాయెను. తొలగించిన డిస్కును మరల తగిలింపగా లినక్సు లేచెను. పిదప రెండవ డిస్కుపైననే ఈఎఫ్ఐ విభాగము నేర్పరచి, గ్రబ్ అను బూట్‌లోడరు నచట స్థాపించితిమి.

కావున ఒక వ్యవస్థను స్థాపించునపుడు రెండవ డిస్కు తీగను విప్పియుంచుట మేలని మా యభిప్రాయము. ఏ డిస్కు బూట్‌లోడరు ఆ డిస్కుననే యుండవలెను. కావలసినదానిని యంత్రపు బూట్ మెనూలో ఎన్నుకొనవచ్చును. గ్రబ్ పట్టికలోనే రెండును కనబడుట సులభమని కొందఱందురు. నిజమే, కాని 2021లో వెలువడిన గ్రబ్ 2.06 మొదలుకొని, మనము కోరి యేర్పరచిననే తప్ప అది ఇతర వ్యవస్థలను వెదకదు. పట్టికలో విండోసు కనబడనంత మాత్రమున అది నశించెనని బెంగపడరాదు.

ఇట్టి వృథాభయములు మఱి రెండు గలవు. గడియారము 5 గంటల 30 నిమిషములు తప్పిన యెడల అది యంత్రదోషము కాదు. విండోసు యంత్రగడియారమును స్థానిక కాలముగను, లినక్సు సార్వత్రిక కాలముగను ఎంచుటయే హేతువు. విండోసు విభాగమున వ్రాయుటకు లినక్సు నిరాకరించిన యెడల, తఱచుగా విండోసులోని ఫాస్ట్ స్టార్టప్‌ను నిలిపిన చాలును.

విద్యార్థులారా! తుడుచుటకు నిమిషము చాలును. తుడిచినదానిని మరల పొందుట దుర్లభము. ముందుగా ఫైళ్లకు ప్రతి తీసికొనుడు. పిమ్మట కారణమును వెదకుడు. తలిదండ్రులును, "అంతయు తుడిచి క్రొత్తగా వేసెదము" అను మరమ్మతుదారు మాటకు వెంటనే సమ్మతింపక, ప్రతి యున్నదా యని పిల్లల నడుగవలెనని మా మనవి.