చేతిని నమ్మొద్దు

మా ఆఫీసులో ఒక మాటుంది, రీఇన్వెంటింగ్ ద వీల్ అని. ఎవరో రాసిపెట్టిన కోడ్ ఉండగా మనం మళ్ళీ రాస్తే ఆ మాటని నవ్వుతారు. నేను గిటార్లు చేస్తున్నానని, అందుకు కావల్సిన పనిముట్లలో సగం నేనే చేసుకుంటున్నానని తెలిశాక ఈ మాట వారానికోసారి వినబడుతోంది. "అన్నీ ఆన్‌లైన్లో దొరుకుతాయి కదా బ్రో, ఎందుకీ తిప్పలు?" వాళ్ళతో పేచీ తర్వాత. నాకు అంతకన్నా చిరాకు తెప్పించేది సాహిత్య మిత్రులు. "చేత్తో చేస్తే అందులో ప్రాణం ఉంటుంది" అనేవాళ్ళు. వీళ్ళలో చాలామంది ఒక్కసారైనా చిత్రిక పట్టిన పాపాన పోలేదు.

ముందు వీళ్ళ సంగతే చూద్దాం. గిటార్ మెడ మీద మెట్లుంటాయి. తీగ పొడవు 650 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు 36.48 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర రావాలి. మిగిలిన పొడవుని ప్రతిసారీ 17.817తో భాగించుకుంటూ పోతే తర్వాతి మెట్టు దొరుకుతుంది. గెలీలియో తండ్రి విన్‌సెన్జో గెలీలీ 1581లో ల్యూట్‌కి చెప్పిన లెక్కలో ఆ అంకె 18. చూడ్డానికి చిన్న తేడానే. పన్నెండు మెట్లెక్కేసరికి రెండు మిల్లీమీటర్లకు పైగా తక్కువొస్తుంది. (నొక్కినప్పుడు తీగ బిగిసి శ్రుతి కాస్త పెరుగుతుంది కాబట్టి ఆయన మరీ తప్పు చెప్పలేదు, అది వేరే కథ.) వీణకైతే 24 మెట్లనీ మైనంలో కూర్చి, చెవితో వింటూ జరుపుకోవచ్చు. గిటారుకి ఆ వెసులుబాటు లేదు. రంపం దిగిందంటే దిగినట్టే.

ఇక్కడ చేతిలోని ప్రాణం ఏం చేస్తుంది? నా చెయ్యి సంగతి నాకు తెలుసు. పదో గాడికల్లా అలిసిపోయి ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకే రంపాన్ని రెండు వైపులా కట్టడి చేసే చెక్కపెట్టె ఒకటి చేసుకున్నాను. జిగ్ అంటారు. మన చేతి మీద మనకున్న అపనమ్మకానికి అది చెక్కరూపం. మా వీధి చివర వడ్రంగి ఒకాయన నా తంటాలు చూసి, "సార్, టేపు పట్టుకొని ఎన్నిసార్లు కొలుస్తరు? ఒక్క కట్టె మీద గీతలు పెట్టుకోండ్రి, గంతే" అన్నాడు. అన్నీ ఒకే మొదలు నుంచి గీసిన కర్ర ఉంటే ఒక మెట్టు తప్పు తర్వాతి మెట్టుకి పాకదు. ఈ ముక్క నాకు కోడ్‌లో తెలుసు, చెక్క మీద తట్టలేదు. అన్నట్టు, ఆ కర్ర నేను చేస్తే హాబీ, ఫోటో పెడితే లైకులు. ఆయన చేస్తే కులవృత్తి, దాని మీద మనం కన్నీటి వ్యాసాలు రాస్తాం. ఆ వ్యాసాల్లో ఆయన బుర్ర గురించి ఒక్క వాక్యం ఉండదు, అన్నీ చేతుల గురించే.

ఇక ఆన్‌లైన్ వాళ్ళు. నా మొదటి గిటారు ఏప్రిల్లో పగిలింది. పైపలక స్ప్రూస్, రెండున్నర మిల్లీమీటర్ల మందం. దాని లోపల అడ్డబద్దలు ఆగస్టులో అతికించాను, ఏసీ వేసి, గదిలో తేమ 48 శాతమని డిజిటల్ మీటర్లో చూసుకుని మరీ. పుస్తకాలు 40 నుంచి 50 అంటాయి కదా. హైదరాబాదు ఎండల్లో పైపలక నారకి అడ్డంగా కుంచించుకుపోయింది. బద్దల నార అటువైపే సాగుతుంది, నార పొడవునా చెక్క దాదాపు కుంచించుకోదు. బద్దలు వదల్లేదు, పలక ఆగలేదు. మధ్యలో చీలింది.

తర్వాత మూత గట్టిగా పట్టే డబ్బాలో తడి ఉప్పు ముద్ద పెట్టి మీటరుని అందులో ఉంచాను. మామూలు వంటింటి ఉప్పే. ఆ గాలి 75 శాతం దగ్గర నిలబడాలి. మీటరు 58 చూపించింది! అంటే ఆగస్టులో నా గదిలో తేమ 65 పైమాటే అయ్యుంటుంది. మీటరు చవకది, అది అమ్మినవాడి తప్పు అనొచ్చు. కానీ దాన్ని ప్రశ్నించే దారి ఒకటుందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు, అసలు పేచీ అది. ఇప్పుడు గోడకి నేను చేసిన హైగ్రోమీటరు వేలాడుతోంది. రెండు సన్నటి స్ప్రూస్ పట్టీలు, ఒకదాని నార నిలువు, ఇంకోదానిది అడ్డం, రెండూ కలిపి అతికించినవి. తేమ మారితే అటో ఇటో వంగుతుంది. అంకెలు ఉప్పుడబ్బాలో పెట్టి గీసుకున్నాను. నా గిటారుని చీల్చిన సూత్రమే ఇక్కడ నాకు కొలత చెబుతోంది.

బద్దలు అతికించేటప్పుడు నొక్కిపెట్టే గో-బార్ డెక్ కూడా అంతే. కింద ఒక ప్లైవుడ్, పైన ఒక ప్లైవుడ్, మధ్యలో వంచి ఇరికించిన వెదురు పుల్లలు. వెదురు మేదర్ల దగ్గర కొన్నాను. మెకానికల్ చదివి జావా రాసుకుంటున్నవాణ్ణి, యూలర్ బక్లింగ్ పరీక్షకి బట్టీపట్టి మర్చిపోయాను. పుల్ల ఒకసారి వంగాక, ఇంకొంచెం వంచినా అది నెట్టే బలం దాదాపు మారదు. అందుకే ఎత్తు తక్కువ బద్ద మీదా, ఎక్కువ బద్ద మీదా ఒకే ఒత్తిడి. క్లాంపుకి ఆ గుణం లేదు, అది మన మణికట్టు ఎంత తిప్పితే అంత. పుల్ల మందం సగానికి తగ్గిస్తే బలం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. బరువు తూచే మిషన్ మీద నిలబెట్టి, వంచి, చిత్రికతో గీస్తూ నాకు కావల్సిన బలానికి తెచ్చుకున్నాను. రెడీమేడ్ ఫైబర్ కడ్డీలు కొంటే పని జరిగేది. ఈ లెక్క మాత్రం ఇంకెవరి బుర్రలోనో ఉండిపోయేది.

అన్నీ చేసుకోమనడం లేదు. ఉక్కు స్కేలు, మూలమట్టం, రంపం, ఆకురాళ్ళు కొన్నాను, కొనాల్సిందే. కొలిచేదీ కోసేదీ కొనుక్కోవచ్చు. పట్టి ఉంచేదీ, వంచేదీ, నొక్కేదీ మన గది, మన చెక్క, మన వానాకాలాన్ని బట్టి ఉంటాయి. ఆ డిజిటల్ మీటరు పారేయలేదు. దాని మీద స్కెచ్ పెన్నుతో "+17" అని రాసి హైగ్రోమీటరు పక్కనే తగిలించాను. చీలికకి లోపల చిన్న చెక్క ముక్కలు అతికించాను, గిటారు వాయిస్తే మోగుతోంది. రెండోదాని పైపలక రెండు వారాలుగా కాగితంలో చుట్టి ఉంది. గోడ మీది పట్టీ 50 దాటి వంగి ఉంది, ఇంకా జిగురు సీసా తెరవలేదు.