చిలకలో ప్రాణం... సెల్లులో సంతకం!

‘బాలనాగమ్మ’ కథ తెలియని తెలుగువారుండరు. 1942లో జెమినీవారు దాన్ని తెరకెక్కించారు కూడా. అందులో మాయల ఫకీరు ప్రాణం వాడి ఒంట్లో ఉండదు. ఎక్కడో ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. ఫకీరును నరికినా చావడు. చిలక మెడ విరిస్తే మాత్రం... అంతే సంగతులు!

ఇప్పుడీ పాత కథ దేనికంటారా? ఇవాళ మనందరి ప్రాణాలూ చిలకల్లోనే ఉన్నాయి గనక! ఆ చిలక పేరు సెల్‌ఫోను. ఆన్‌లైన్‌లో ఏ ఫారం నింపినా అది పలికే నాలుగంకెల, ఆరంకెల పలుకు పేరు ఓటీపీ.

సినిమా జనానికి దీన్ని విడమరిచి చెప్పాలా? గేటు దగ్గర చింపిన మ్యాట్నీ టిక్కెట్టు పట్టుకుని ఫస్ట్ షోకి వెళ్తే ఊరుకుంటారా? ఇదీ అంతే. ఒక్కసారికే చెల్లుతుంది, అదీ కొద్ది నిమిషాలే. ఆధార్ కోడైతే పది నిమిషాలు. 2009 ఆగస్టు 1 నుంచి కార్డుతో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాలంటే ఇంకో రుజువు కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆ రుజువే పోనుపోను ఈ అంకెల వేషం కట్టింది. బ్యాంకుల నుంచి కాలేజీ ఫారాల దాకా, తిరుమల దర్శనం టిక్కెట్ల దాకా పాకింది.

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. ‘రాముడు భీముడు’ (1964)లో ఇద్దరు రామారావులను చూసి అందరూ బోల్తాపడ్డారు. ఎందుకూ? మొహం చూసి నమ్మారు. ఓటీపీ అసలు మొహమే చూడదు! సెల్లు ఎవరి చేతిలో ఉందో అదొక్కటే చూస్తుంది. సెల్లు ఎవరిదగ్గరుంటే వాడే రాముడు!

ఈ మెలిక తెలియక మన జనం పడే అవస్థను మూడు ఊళ్ళలో మూడు సీన్లుగా చూద్దాం. పాత్రలు కల్పితాలే గాని, పాట్లు మాత్రం కల్పితాలు కావు.

సీను ఒకటి: మదనపల్లె. 1919లో రవీంద్రుడు ‘జనగణమన’ను ఇంగ్లీషు చేసిన ఊరు. నెట్ సెంటర్లో ఒక కుర్రాడు కాలేజీ ఫారం నింపిస్తున్నాడు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. అది నాన్న దగ్గర, టమోటా మార్కెట్లో ఉంది. “దానికేముందబ్బా, మా నంబరు ఏసేస్తాలే” అన్నాడు సెంటరాయన, మంచిమనసుతోనే. పని ఇట్టే అయిపోయింది. నెల తిరిగాక పాస్‌వర్డ్ మరిచిపోయాడు కుర్రాడు. కొత్తది కావాలంటే కోడ్ రావాలి. కోడ్ వెళ్ళింది సెంటరాయన సెల్లుకి. ఆయన బంధువుల పెళ్ళిలో ఉన్నాడు. ఫోను స్విచ్చాఫ్. ఆ సాయంత్రమే ఆఖరు గడువు! విలన్ ఎవరూ లేరు, సీటు మాత్రం గోవిందా!

సీను రెండు: పొట్టి ఆవులకు పేరుబడ్డ పుంగనూరు.

“అవ్వా, ఓటీపీ వచ్చిండాదా?”

“యాడికొస్తాది నాయనా? ఆధార్‌కి ఇచ్చిన నంబరు మావోడిది. బెంగుళూరులో ఉండాడు.”

కొడుక్కి ఫోన్ చేస్తే, “ఆ సిమ్ము తీసేసి శానా నాళ్ళాయమ్మా, రీచార్జి చెయ్యలా” అన్నాడు. అసలు భయం ఇక్కడే ఉంది. వాడకుండా వదిలేసి రద్దయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీవారు ఇంకొకరికి ఇవ్వచ్చు. అంటే మన చిలక ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ పంజరంలో వాలిందన్నమాట! అందుకే సిమ్ము మార్చినరోజే బ్యాంకులోనూ ఆధార్‌లోనూ నంబరు మార్పించాలి.

సీను మూడు: కుప్పం. తమిళం, కన్నడం, తెలుగు ఒకే టీకొట్టులో వినిపించే ఊరు. మద్రాసు-బెంగుళూరు రైలు దారిలో ఉంది. 2025 జులై 15 నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ టిక్కెట్టుకు ఆధార్ ఫోనుకు వచ్చే కోడ్ కొట్టి తీరాలి. మంచిదే, ఒకడే పదిమంది పేర్లతో టిక్కెట్లు ఊడ్చేయడం కష్టమవుతుంది. కానీ ఏసీ తత్కాల్ పదింటికి, మామూలు తత్కాల్ పదకొండింటికి తెరుస్తారు. ఆ హడావుడిలో మనిషి అంకెలు తప్ప ఇంకేమీ చదవడు. సరిగ్గా అప్పుడే ఒక తియ్యటి గొంతు ఫోన్‌లో పలుకుతుంది: “సార్, మీ ఫారంలో చిన్న తప్పుంది. ఇప్పుడొక నంబరు వస్తుంది, చెప్తే సరిచేసేస్తాం.” అరవంలో అడిగినా, కన్నడంలో అడిగినా, తెలుగులో “అన్నా” అని అడిగినా అది ఫకీరు గొంతే!

కాబట్టి మహాశయులారా, అంకెలకంటే ముందు పక్కనున్న అక్షరాలు చదవండి. ఆ కోడ్ దేనికొచ్చిందో అందులోనే రాసుంటుంది. మీరు ఫారం నింపుతుంటే “డబ్బు చెల్లింపునకు” అని ఉందంటే అక్కడే ఆగిపోండి. చదవడం రానివారు ఫోనులో అడిగేవాడికి కాదు, ఇంట్లోవాళ్ళకు చూపించండి. నెట్ సెంటరుకు వెళ్తే మీ సెల్లు మీరే తీసుకెళ్ళి, కోడ్ మీ వేలితోనే కొట్టండి. పొరపాటున చెప్పేసి డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత ఆశ.

వేలిముద్ర వేసే రోజుల్లో కనీసం మన వేలు మన దగ్గరే ఉండేది. ఇప్పుడు సంతకం సెల్లులోకి వెళ్ళింది. సెల్లు కొడుకు దగ్గరో, సిమ్ము ఇంకెవరి దగ్గరో! మీ చిలక ఏ కొమ్మ మీద ఉందో ఈ రాత్రే ఓసారి చూసుకోండి.

ఫకీరు కథ కంచికి... మనం వచ్చేవారానికి!