పాత కంప్యూటరుకు తేలిక సారథి

సూరత్ మరమగ్గాలను నమ్ముకొన్న తెలుగు కుటుంబాలెన్నో ఉన్నవి. అచటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలనూ నడుపుచున్నది. అట్టి ఇంట చదువుకునే బిడ్డకు ఒక్కొక్కప్పుడు దొరికేది ఎవరో వాడి విడిచిన కంప్యూటరే.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే 4 గిగాబైట్ల ర్యామ్, టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు పాత యంత్రంలో ఉండకపోవచ్చు. అంతమాత్రాన దానిని పాత ఇనుప సామానులవానికి తూచి ఇవ్వనక్కరలేదు. లినక్స్ కుటుంబానికి చెందిన యాంటీఎక్స్‌కు 512 మెగాబైట్లు చాలును. 2003లో ఆస్ట్రేలియావాసి బారీ కౌలర్ రూపొందించిన పప్పీ మరీ చిత్రమైనది: పెన్‌డ్రైవ్ నుండి నేరుగా ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, హార్డ్‌డిస్కు చెడినా దానికి చింత లేదు! రెండూ ఉచితమే. తెలుగు లిపి, కీబోర్డు ఏర్పాట్లను విడిగా చేర్చుకోవలసి రావచ్చును. బరువంతా నేటి వెబ్ పుటలదే. బిడ్డ ఒకేసారి ఒకటి రెండు పుటలకు మించి తెరవకుండుట మేలు.